నాన్న గుర్తుపట్టే ముఖం

“ఈ కళ్ళు చిన్నవి చెయ్యి బాబూ. ముక్కు కూడా కాస్త అణచాలి,” అంది మల్‌సున్.

స్టూడియో యజమాని గిచోల్ ఆమె వైపు వింతగా చూశాడు. కొరియాలోని తేగు నగరంలో ఫోటోలు దిద్దడమే అతని బతుకుతెరువు. కళ్ళు పెద్దవి చెయ్యమనీ, గడ్డం సన్నగా చెక్కమనీ వచ్చినవాళ్ళేగానీ, ఉన్న అందాన్ని తగ్గించమన్నవాళ్ళు ఇంతవరకూ తగల్లేదు. పైగా తెరమీద నవ్వుతున్న అమ్మాయికి వంక పెట్టడానికేముంది?

“ఇంత చక్కటి పిల్లని ఎందుకమ్మా పాడుచెయ్యడం? ఇంతకీ దేనికీ ఫోటో, ఉద్యోగానికా?”

“శవం ముందు పెట్టడానికి.”

గిచోల్ చెయ్యి మౌస్ మీదే ఆగిపోయింది.

మల్‌సున్ కూతురు హేవన్ నిన్న పొద్దున కారు ప్రమాదంలో పోయింది. ఎదుటి ఆస్పత్రి కింది అంతస్తులో, అంత్యక్రియలు జరిపే హాల్లో తెల్ల చామంతులు పేర్చి, మధ్యలో ఫోటోకి చోటు వదిలారు. సాయంత్రం నుంచి జనం దణ్ణాలు పెట్టడానికి వస్తారు.

“ఇందులో బాగానే ఉంది కదమ్మా,” అన్నాడు గిచోల్ గొంతు తగ్గించి.

“బాగానే ఉంది. నా కూతురే కాదు. ఇది డాక్టరు చేసిన ముఖం. వాళ్ళ నాన్న దీన్ని చూడనే లేదు, పిల్ల బడికెళ్ళే రోజుల్లోనే పోయాడు. ఇప్పుడు ఈ ముఖంతో ఎదురెళితే, ఎవరమ్మా నువ్వు అని అడగడూ?”

గిచోల్ మళ్ళీ మౌస్ పట్టుకున్నాడు. “పాత ఫోటో ఒక్కటి ఇవ్వండి, చూసి దిద్దుతాను.”

“ఉంటే నీ దగ్గరికెందుకొస్తాను? కళ్ళకి కట్టు విప్పిన రోజే అన్నీ చించి పారేసింది. బడిలో తీసిన గుంపు ఫోటోలో కూడా తన తల మటుకు కత్తిరించేసింది. అంత పెంకిది!”

అంటూనే నవ్వింది. ఆ నవ్వు ఏడుపులోకి దిగిపోయింది.

“దాన్నని ఏం లాభంలే. ‘ఈ మొహానికి ఉద్యోగం ఎవడిస్తాడే’ అన్నది నేను. చెయ్యి పట్టుకుని ఆపరేషన్‌కి తీసుకెళ్ళింది నేను. చదువైపోయిందని బహుమతిగా చేయించానని నలుగురికీ గొప్పగా చెప్పుకుంది కూడా నేనే.”

కళ్ళు తుడుచుకుని, జుట్టు వెనక్కి దువ్వుకుని, కుర్చీ అతనికెదురుగా లాక్కుని కూర్చుంది.

“నన్ను చూసి చెయ్యి. అచ్చం నాలాగే ఉండేది. అదే దాని ఏడుపు.”

గిచోల్ పని మొదలుపెట్టాడు. రెప్ప మీది మడత చెరిపాడు. కళ్ళు సన్నబరిచాడు. ముక్కు దూలం దించాడు. ఇన్నేళ్ళ అలవాటు కొద్దీ చెయ్యి మాటిమాటికీ కళ్ళు పెద్దవి చెయ్యబోతుంటే, వెనక్కి లాక్కోవాల్సి వచ్చింది.

“చెంపలు ఇంకాస్త నిండుగా... దవడ వెడల్పు... ఆఁ, అక్కడే ఆపు.”

మల్‌సున్ లేచి తెరని వేళ్ళతో తడిమింది. “వచ్చావా తల్లీ,” అంది.

గిచోల్ ముఖం పక్కకి తిప్పుకున్నాడు. కన్నవాళ్ళకే ఆనవాలు దొరకని ముఖాలు తను ఎంతమందికి తయారుచేసి ఇచ్చాడో తలుచుకుంటే అతనికి సిగ్గేసింది. డబ్బు తీసుకోవడానికి మనసొప్పక, తనే ఫ్రేము కట్టి, నల్ల రిబ్బను చుట్టి ఆమె చేతికిచ్చాడు.

అంతలో తలుపు తోసుకుని నల్ల సూటులో అల్లుడు వచ్చాడు. చంకలో హేవన్ కూతురు బొమి.

“జనం వచ్చేస్తున్నారు అత్తయ్యా. ఇది చూస్తే నిన్నటినుంచీ అమ్మ అమ్మ అని ఒకటే గోల. నావల్ల కావట్లేదు.”

“ఇలా తీసుకురా నాయనా. అమ్మని చూస్తే ఊరుకుంటుందిలే,” అంటూ మల్‌సున్ మనవరాలిని ఒళ్ళోకి తీసుకుని, ఫ్రేము దాని ముందు నిలబెట్టింది.

బొమి ఏడుపు ఆపింది. ఫోటోలోకి చూసింది, అమ్మమ్మ ముఖంలోకి చూసింది, మళ్ళీ ఫోటోలోకి చూసి చిన్నగా నవ్వింది.

“చిన్నప్పుడు నువ్వెంత బాగున్నావో అమ్మమ్మా! మరి మా అమ్మ ఫోటో ఏదీ?”