రాక్షసుడికి చోటు లేదు

"కుదరదంటే కుదరదు!" మొదటి రెండు వరుసలు చదివి హర్ష కాగితం విసిరికొట్టాడు. "రాక్షసులుండేది మనం సంపడానికి. మనతో కలిసి తిరగడానికి కాదు."

పులివెందులలో హర్ష వాళ్ల మిద్దె మీది గదిలో ముగ్గురూ కూర్చుని పట్టుమని పది నిమిషాలు కాలేదు. ఒకరు మంత్రగాడు, ఒకరు విలుకాడు, ఇట్లా తలా ఒక పాత్ర తీసుకుని, పాచికలు వేస్తూ కథ నడిపే ఆట అది. ఆడించేవాడు హర్ష. నెల రోజులు బుర్ర బద్దలు కొట్టుకుని రాజ్యాలూ కోటలూ అన్నీ తానే రాసుకున్నాడు. పోయిన ఆదివారం ఆటలో సహస్ర ఆడుతున్న మంత్రగత్తె చచ్చిపోయింది. కొత్త పాత్రను రాసుకు రమ్మంటే, ఈ మహాతల్లి అన్నం తినని పిల్లల్ని ఎత్తుకుపోయే రాక్షసుణ్ణి రాసుకొచ్చింది. ఒళ్లు మండదా మరి?

"రాక్షసుడైతే మారకూడదా?" అంది సహస్ర.

"మారేటోడైతే వాడు రాక్షసుడెట్లయితాడు? పసిపిల్లోళ్లను ఎత్తుకపోయేటోన్ని పక్కన కూర్చోబెట్టుకొని అన్నం తింటావా నువ్వు?"

"తింటా."

అంత తాపీగా అనేసరికి హర్షకు అరికాలి మంట నెత్తికెక్కింది.

"ఒక్కసారికి రానీరా, ఆటే కదా," అన్నాడు మూడోవాడు జహీర్.

"నువ్వు నోరు ముయ్! సహస్రా, ఆ కాగితమన్నా చింపెయ్, లేకుంటే లేచి పో. ఇంక మళ్లా రావద్దు."

సహస్ర కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆదివారం కోసం వారమంతా ఎదురుచూసే పిల్ల. లేచి చెప్పులు వెతుక్కుంది.

"ఏందిరా ఆ అరుపులు? వీధి చివరికి వినిపిస్తాండాయి."

హర్ష వాళ్ల తాత ఆదినారాయణ ఉగ్గాని బజ్జీ ప్లేట్లతో మెట్లెక్కి వచ్చాడు. ఆయన ఎడమ చేతికి రెండు వేళ్లు లేవు. చెనక్కాయల మిషన్‌లో పడి తెగిపోయాయని ఇంట్లో అందరూ చెప్పేదే.

"తినకుండా యాడికి పోతాండావు పాపా? కూర్చో."

మొదటి ప్లేటు సహస్రకే పెట్టాడు. ఆటకొచ్చిన తొలిరోజు ఆయన్ను చూసి బిక్కచచ్చిపోయి, ఆ ఇంట్లో పచ్చి మంచినీళ్లు కూడా ముట్టని పిల్ల, ఇప్పుడు కళ్లు తుడుచుకుంటూ బజ్జీ కొరికింది. ఆమె తినేదాకా నిలబడి చూసి, ఆయన కిందికి దిగిపోయాడు.

జహీర్ కింద పడ్డ కాగితం తీసి మిగతాది చదివాడు. "శానా పొడుగ్గా ఉంటాడు. ఎడమ చేతికి రెండు వేళ్లు లేవు. బాంబులు చుడతాంటే పేలి..." అని టక్కున ఆగిపోయాడు.

హర్ష కాగితం లాక్కున్నాడు. "మా జేజినాయన్ను రాక్షసుణ్ణి చేస్తావా? ఎవరు చెప్పినారే నీకీ కథ?"

సహస్ర ప్లేటు పక్కన పెట్టింది.

"లింగాల దగ్గర మా పల్లెలో నేను అన్నం తినకుంటే, అదిగో ఆదినారాయణ వస్తాండాడని చెప్పి తినిపించేది హర్షా మా అమ్మ."