నడిచిన తర్వాత

ఆ రోజుల్లో అందరి చెప్పులూ అడుగులు లెక్కపెట్టి సర్కారుకు చెప్పేవి. ఆర్మూరులో బీడీలు చుట్టే లసుంబాయి వికలాంగుల పింఛన్‌కు దరఖాస్తు పెడితే, "మీరు సగటున రోజుకు రెండు వేల అడుగులు నడుస్తున్నారు" అంటూ సర్కారు యంత్రం తిరస్కరించింది.

అప్పీలు చేసుకోవడానికి ఆమె గోడలు పట్టుకుంటూ పింఛన్ల ఆఫీసుకు వచ్చింది. గుమస్తా ఫర్హానా ఆమెను కూర్చోబెట్టి మెల్లగా చెప్పింది.

"అవ్వా, నెల దినాలు చెప్పులు తొడగకు. అసలే నడవరాదని చెప్పు. అందరు గట్లనే చేస్తున్నరు."

"నడుస్త గద బిడ్డా, నడవనని ఎట్ల చెప్త?" అంది లసుంబాయి. "నల్లా కాడికి ఇరవై అడుగులు. నడుమ రెండు సార్లు ఆగుత. బిందె తెచ్చినంక కుడి మోకాలు పగటాల దాక వంగది. ఆకు తెచ్చుకోను కార్ఖానకు పోయిన్నాడు బాగనే పోత. తెల్లారి మంచం దిగరాదు. పక్కింటామె వచ్చి బాత్రూంకు ఎత్తుకపోతది. బాగనే పోత అన్నది గూడ రాయి."

ఫర్హానా ఆమె ముఖంలోకి చూసింది. పదేళ్ల ఉద్యోగంలో తన బాధను ఒక్క మాట పెంచకుండా, ఒక్కటీ దాచకుండా ఇంత సరిగ్గా చెప్పినవాళ్లను ఆమె చూడలేదు. దరఖాస్తులో అందుకు తగిన గడి లేదు. చివర ఉన్న ఖాళీ జాగాలో ప్రతి మాటా అలాగే రాసి పంపింది.

మూడో రోజున పింఛన్ మంజూరైంది. ఆ వారమే అందరి దరఖాస్తుల్లోకీ కొత్త ప్రశ్న ఒకటి వచ్చింది: "నడిచిన తర్వాత మీకు ఏమవుతుంది?"

ఫర్హానా దాన్ని మొదటగా ఒక ముసలాయనకు చదివి వినిపించింది. ఆయన చేతికర్రను గోడకు ఆనించి కుర్చీ దగ్గరకు లాక్కున్నాడు.

"గిది అడిగిన్రా! అయితే కూసొని చెప్త" అన్నాడు.