ఒక్కరైనా చాలు

"ఇంకా రాలేదా మీ మనిషి?" గుమాస్తా తలుపు సందులోంచి తల మాత్రం బయటపెట్టి అడిగాడు.

"దారిలో ఉంది," అంది డాక్టరమ్మ.

పచ్చి అబద్ధం. దారిలో ఎవరూ లేరు. తప్పకుండా వస్తానని ఒట్టేసిన దర్జీ ఆవిడ పొద్దున్నే ఫోన్ చేసి, "కడుపు చించుకుంటే కాళ్లమీద పడుతుంది డాక్టరమ్మా. అంతమంది పెద్దవాళ్ల ముందు ఆ మాట ఏ నోటితో చెప్పను? నన్నొదిలెయ్యండి," అని పెట్టేసింది. ఆవిడని తప్పుపట్టి ఏం లాభం? ఆ మాట డాక్టరమ్మకే నోట రాదు. ఏం డాక్టరువని అత్తవారింట్లో ఎవరడిగినా, కిడ్నీలు చూస్తానని చెప్పి ఇన్నేళ్లుగా నెట్టుకొస్తోంది మహాతల్లి.

సంగతేమిటంటే, కాన్పుల తర్వాత చాలామంది ఆడవాళ్లకి గట్టిగా నవ్వినా తుమ్మినా ఒంటేలు ఆగదు. బట్టలు తడుస్తాయి. చచ్చినా ఎవరికీ చెప్పుకోరు. నలుగురిలోకి వెళ్లడం మానేసి ఇంట్లో కూర్చుంటారు. చవకగా దొరికే పాత మాత్ర ఒకటి దీనికి పనిచేస్తుందేమోనని డాక్టరమ్మకి ఆశ. కొందరికి అసలు మాత్ర, కొందరికి ఉత్తుత్తి మాత్ర ఇచ్చి తేల్చుకోవాలి. అంత పరీక్ష ప్రభుత్వం డబ్బిస్తే తప్ప జరగదు. ఇవ్వాలంటే ఒక నిబంధన ఉంది. జబ్బున్న మనిషి ఒక్కరైనా కమిటీ ముందుకొచ్చి, ఈ పరీక్ష మాకు కావాలని స్వయంగా చెప్పాలి. పోయినేడు ఎవరూ రాక ఫైలు వెనక్కొచ్చింది. ఈసారీ వెనక్కొస్తే ఇక ఈ జబ్బు మీద అర్జీయే పెట్టనివ్వరు.

"సరే, మీరైనా రండి," అన్నాడు గుమాస్తా.

డాక్టరమ్మ లేచింది. తెల్లకోటు వేసుకుంటే కాస్త విలువిస్తారని మొగుడు మరీమరీ చెప్పి పంపాడు. తీరా ఇక్కడికొచ్చాక వేసుకోబుద్ధి కాలేదు. మడిచి చేతిమీద వేసుకుని లోపలికి నడిచింది.

పొడుగాటి బల్ల చుట్టూ ఐదారుగురున్నారు. నడుమనున్న పెద్దకుర్చీ ఖాళీగా ఉంది. కమిటీకి పెద్దయిన మేడమ్ దాన్నొదిలేసి, తలుపు పక్కనున్న కుర్చీలో నల్లబట్టల్లో బిగుసుక్కూర్చుంది. ముందున్న మంచినీళ్లు ముట్టలేదు. డాక్టరమ్మ నమస్కారం పెట్టి రెండు ముక్కలు మాట్లాడిందో లేదో, ఆవిడ లేచి చక్కా బయటికి పోయింది. మిగతావాళ్లు కాగితాలు తిరగేస్తుంటే డాక్టరమ్మ మొహం వేలాడేసుకుని నిలబడింది. కాసేపటికి మేడమ్ తిరిగొచ్చి, "కానివ్వండి," అంది, ఏమీ జరగనట్టు.

ఎంత లోకువైపోయామో అనుకుంది డాక్టరమ్మ.

"నేనూ పిల్లల్ని కన్నదాన్నే," అంది మేడమ్. "ఇలాంటి గోల ఎవరి నోటా వినలేదు. నిజంగా ఇంతమంది ఉన్నారా?"

"ఉన్నారండి. బయటికి చెప్పుకోరు."

"చెప్పుకోనివాళ్లని మీరెలా లెక్కపెట్టారు?"

డాక్టరమ్మ ఫైలు తెరిచింది. గొంతు సవరించుకుని, "ఇది ప్రసవానంతర మూత్ర నియంత్రణా లోపం..." అని మొదలుపెట్టింది.

బట్టతల ప్రొఫెసర్ చెయ్యెత్తాడు. "కాస్త మామూలు మాటల్లో చెప్పమ్మా."

"ఇవి మామూలు మాటలేనండి."

"ఇవి మామూలు మాటలైతే మా ఇంట్లో అందరం మూగవాళ్లమే."

బల్లంతా గొల్లుమంది. అంతసేపూ రాయిలా కూర్చున్న మేడమ్ కూడా ఆపుకోలేక పగలబడి నవ్వింది. నవ్వుతూ నవ్వుతూనే ఠక్కున ఆగిపోయింది. మొహం మాడిపోయింది. డాక్టరమ్మకి తల కొట్టేసినట్టయింది. అందరూ నవ్వినా ఒక ఎత్తు, సాటి ఆడది నవ్వడం ఒక ఎత్తు.

ఆ ఉడుకుమోతుతనంలోనే నోరు పెగిలింది. "నవ్వితే ఉచ్చ పడిపోతుందండి. అదీ జబ్బు."

ప్రొఫెసర్ కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. డాక్టరమ్మ చెవులు కాలిపోతున్నాయి. భూమి చీలితే బాగుండుననిపించింది. నేనే ఇంత సిగ్గుతో చస్తుంటే పాపం ఆ దర్జీ ఆవిడ ఏం వస్తుంది అనుకుంది.

"ఇక చాలు," అంది మేడమ్, ఎవరి మొహమూ చూడకుండా. "అందరూ భోజనానికి వెళ్లండి."

"మీరు రారా మేడమ్?" అన్నాడు ప్రొఫెసర్.

"ఆకలి లేదు. వెళ్లమన్నానా."

కుర్చీలు జరిగాయి. ఒక్కొక్కరే వెళ్లిపోయారు. డాక్టరమ్మ కాగితాలు పోగుచేసుకుంది. మేడమ్ కూర్చున్నచోటునుంచి కదల్లేదు. చివరికి గుమాస్తా కూడా పోయాక, "ఆ తలుపు వేసి రండి," అంది.

వేసింది. తిట్లు తినడానికి సిద్ధపడి ఎదురుగా నిలబడింది.

"మీ ఫైలు నేనిక చూడకూడదు," అంది మేడమ్. "వేరేవాళ్లకి అప్పజెబుతాను."

"ఒక్క అవకాశం ఇవ్వండి మేడమ్. బతిమాలో బామాలో ఎవరినో ఒకరిని తీసుకొస్తాను."

"అక్కర్లేదు. వచ్చేవారం మీరొక్కరే రండి. ఆ మనిషి వచ్చి చెబుతుంది."

"ఎవరు మేడమ్?"

మేడమ్ తలెత్తకుండానే చెయ్యి చాపింది.

"మీ కోటు ఇలా ఇవ్వమ్మా, బట్టలు తడిశాయి."