వాలిన రెప్ప

అర్జునరావు క్రేన్ దిగి టీ తాగుతుంటే, టీ పోసే కృపాకర్ అతని మొహంలోకి అదేపనిగా చూశాడు.

కృపాకర్ పోర్టు క్యాంటీన్‌లో చేరి ఇంకా నెల కాలేదు.

"బాబూ, ఆ కుడిరెప్ప ఎన్నాళ్ళనుంచి అదురుతంది?"

"మగోడికి కుడికన్ను అదిరితే మంచిదే గదేటి!"

"అదురు ఒకటే అయితే పర్లేదు. నిద్ర సాలకపోయినా, టీలు ఎక్కువైనా అదురుతాది. నీది పొద్దున్న బానే ఉండి, సాయంత్రానికి కిందికి వాలిపోతంది. డాక్టరుకి సూపించుకో. అందాకా క్రేన్ ఎక్కకు బాబూ."

"టీ పోసీవోడివి, టీ పొయ్యి."

మర్నాడు సూపర్‌వైజర్ దొరబాబు అతన్ని క్రేన్ ఎక్కనివ్వలేదు.

"కంటి డాక్టరు సర్టిఫికెట్ తే, అప్పుడెక్కుదువు. కృపాకర్ నా కాళ్ళట్టుకున్నంత పని సేసినాడు."

పదహారేళ్ళుగా ఎక్కిన క్రేన్. ఇప్పుడు దాని కింద నిలబడి నలుగురి నవ్వులూ చూడాల్సి వచ్చింది.

అర్జునరావు తలమీది హెల్మెట్ తీసి నేలకేసి కొట్టాడు.

"నన్ను కిందికి దింపినోణ్ణి గేటు దాటించకపోతే నాను అర్జునరావునే కాదు" అనుకున్నాడు.

వారం తిరక్కుండా గేటు తనిఖీలో కృపాకర్ సంచిలో బ్రాందీ సీసా దొరికింది. పెట్టింది అర్జునరావే. పోర్టులోకి వచ్చే పాస్ అక్కడికక్కడే లాగేసుకుని, పనిలోంచి తీసేశారు.

కృపాకర్ వాదించలేదు. వెళ్తూ వెళ్తూ ఒక్కటే అడిగాడు.

"డాక్టరు దగ్గరికి ఎల్లినావా బాబూ?"

అర్జునరావు మొహం తిప్పుకున్నాడు. ఆ పూట కడుపునిండా అన్నం తిన్నాడు.

సర్టిఫికెట్ కోసమని ఆస్పత్రికి వెళ్తే, డాక్టరమ్మ కాసేపు పైకే చూస్తూ ఉండమంది. నిమిషం తిరక్కుండా కుడిరెప్ప దానంతటదే సగానికి వాలిపోయింది.

"ఇది కండరాలు అలిసిపోయే జబ్బు. మందులు వాడితే అదుపులో ఉంటుంది. అంత ఎత్తున ఉన్నప్పుడు ముదిరుంటే ఏమయ్యేది? ఇంత తొందరగా ఎవరు కనిపెట్టారు?"

అర్జునరావు మందుల చీటీ జేబులో పెట్టుకుని లేచాడు.

అక్కడినుంచి నేరుగా మల్కాపురంలో కృపాకర్ ఇల్లు వెతుక్కుంటూ వెళ్ళాడు. భార్య దీవెనమ్మ తలుపు తీసింది.

"ఆయన లేరు బాబూ. కాకినాడ పోర్టుకాడ టీ అమ్ముకుంటానని నిన్ననే ఎల్లిపోనారు."

"అమ్మా, ఈ జబ్బు సంగతి ఆయనకెలా తెల్సు?"

దీవెనమ్మ గుమ్మం పక్కనున్న పీట అతని ముందుకి జరిపింది.

"ఆయనా క్రేన్ ఆపరేటరే బాబూ. ఇలాగే రెప్ప వాలి బరువు వదిలీసినప్పుడు, కింద నిలబడి సిగ్నల్ ఇత్తన్నది మా ఒక్కగానొక్క కొడుకు."