పంది వెంట్రుకల బ్రష్షు

వంటింటి గట్టు మీద, భార్య రోజూ కాఫీ తాగే గ్లాసులో, గోరువెచ్చటి నీళ్ళల్లో కొత్త షేవింగ్ బ్రష్షు తలకిందులుగా నానుతోంది.

"ఛీ! నా గ్లాసులోనా?" ఒక్క కేక పెట్టిందామె.

తలకు చుట్టుకున్న గుడ్డ చెంగుతో ముక్కు మూసుకుంది. అయినా ఆ కంపు ఆగితేగా! పంది వెంట్రుకలు మొదటిసారి నీళ్ళల్లో పడితే ఎలా ఉంటుందో వాసన చూసినవాళ్ళకే తెలుస్తుంది. తడిసిన జంతువొకటి వచ్చి పొయ్యి పక్కన పడుకున్నట్టే. ఆమె సింకు దగ్గరికి పరిగెత్తి భళ్ళున కక్కుకుంది.

భర్త బార్బరు. ఇరవై ఏళ్ళుగా మగవాళ్ళ గడ్డాలే అతని బతుకుతెరువు. ఆమె నోరు కడుక్కునేదాకా ఆగి, బ్రష్షు పిండి, అరచేతిలో సబ్బు వేసి గుండ్రంగా తిప్పడం మొదలుపెట్టాడు. నురగ మురిగ్గా వచ్చింది.

"వారం రోజులు ఇలా చేస్తే కొసలు చీలి మెత్తబడతాయి. వాసనా పోతుంది," అన్నాడు.

"వారమా! ఆ పాడు పనేదో షాపులో ఏడవొచ్చుగా?"

"అక్కడ పెడితే ఎవరి గడ్డానికో వాడేస్తారు. ఇది ఒక్కరికే."

నిజానికి షాపులో కొత్త బ్రష్షుని ఎవరూ ఇంత ముద్దు చెయ్యరు. ముళ్ళకంపలాంటి గడ్డాలవాళ్ళు నలుగురు దొరికితే అదే దారికొస్తుంది.

"ఎవరా మహారాజు?"

"చర్మం బాగా పల్చన. బ్రష్షు గుచ్చుకోకూడదు. గాటు పడితే ప్రమాదం."

"షుగరా?"

"అలాంటిదే."

"అయితే ఆయనగారి సుఖం కోసం ఈ రోత నేను భరించాలి!"

మూడో రోజు భోజనం దగ్గర ఆమె వేలికి ముద్దతోపాటు బెత్తెడు వెంట్రుక చుట్టుకుంది. కంచం అవతలికి తోసేసింది.

"థూ! మీ షాపులో బొచ్చంతా ఇంటికి మోసుకొస్తున్నారు. కంచంలో అదే, బాత్‌రూమ్ తూములో అదే, చివరికి నా దిండు మీదా అదే! ఒళ్ళంతా చీదరగా ఉంది."

అతను ఆ వెంట్రుకని మెల్లగా తీసి జేబులో వేసుకున్నాడు.

"నా చొక్కాకి అంటుకొచ్చుంటుంది. ఇకనుంచి దులుపుకుని వస్తాలే."

ఐదో రోజుకి ఆమె ఓపిక నశించింది. బ్రష్షుని రెండు వేళ్ళతో పట్టుకెళ్ళి కిటికీలోంచి విసరబోయింది. అతను చెయ్యి పట్టుకున్నాడు. ఏనాడూ ఆమె మీద గొంతు పెంచని మనిషి గట్టిగా అరిచాడు.

"అది పోతే ఆదివారానికి ఇంకోటి మెత్తబడదే!"

"ఆదివారమా? షాపు కిటకిటలాడే రోజు!"

"షాపు మూసేస్తున్నా. పని ఇంట్లోనే."

"నా ఇంట్లో, ఎవరిదో బొచ్చు! సిగ్గుండాలి మీకు," అని గదిలోకి పోయి తలుపు వేసుకుంది.

ఆదివారం పొద్దున అతను కిటికీ దగ్గర కుర్చీ వేశాడు. వేణ్ణీళ్ళు పెట్టుకున్నాడు. ఉతికిన తువ్వాలు, కొత్త బ్లేడు తీశాడు. కళ్ళు మూసుకుని బ్రష్షుని రెప్పల మీద రాసుకుని చూశాడు. దూదిలా ఉంది. ఏ కంపూ లేదు.

"ఏడీ మీ మహారాజు? ఇంకా రాలేదే?" అందామె గుమ్మంలో నిలబడి.

అతను తువ్వాలు దులిపి పట్టుకుని కుర్చీ వెనకాల నిలబడ్డాడు.

ఆమె కాసేపు ఆ ఖాళీ కుర్చీ వంక చూసి, వచ్చి కూర్చుని, ఆస్పత్రిలో క్యాన్సర్ మందు ఎక్కించిన దగ్గర్నుంచీ అతని ముందు విప్పని తలగుడ్డ విప్పి, ఇన్నాళ్ళూ అతని షాపు మీదికి నెడుతూ వచ్చిన తన జుట్టులో మిగిలిన నాలుగు పోచలతో బ్రష్షు కింద తల వంచింది.