పొడుగు ఈక

ఒక పొదలో ఆకులు కుట్టి గూడు కట్టే పిట్టల జంట ఉండేది. పిట్టలకు జాతుల పేర్లు రాస్తూ తిరిగే గుడ్లగూబ అక్కడికొచ్చింది.

"నీ మొగుడి తోక పొడుగు, నీది పొట్టి. మీవి రెండు జాతులు. ఒకే గూట్లో ఉండకూడదు," అంది.

"పంతులుగారూ, పెళ్లికొడుకు వేషం చూసి జాతి రాసేస్తారా? వానలు వెలిసేదాకా ఆగండి," అంది ఆడపిట్ట.

వానలు వెలిశాక మగపిట్ట పొడుగు ఈకలు రాలిపోయాయి. గుడ్లగూబ సణుక్కుంటూ తను రాసుకున్న రెండు జాతుల పేర్లలో ఒకటి కొట్టేసింది.

మగపిట్ట చనిపోయి ఇప్పటికి చాలా ఏళ్లయింది. ఆడపిట్ట ఏటా కొత్త గూడు కుట్టి, అప్పుడు రాలిన ఆ పొడుగు ఈకల్లో తను దాచుకున్న ఒకదాన్ని అందులో పరుస్తుంది.

"ఇది ఏ జాతి పిట్టది నాయనమ్మా?" అని మనవలు అడుగుతారు.

"మన జాతిదేరా. మీ తాత పెళ్లికొడుకైనప్పటిది."