తెమలని రీమౌంట్

పోయినవాళ్ల జ్ఞాపకాల పెట్టె లేని ఇల్లు ఇప్పుడు కాకినాడలో లేదు. సత్యవేణి ఇంట్లో అది వంటింటి గూట్లో ఉంటుంది. నిరుడు జబ్బుచేసి పోయిన ఆమె చిన్నకూతురు హైమ అందులోంచి మాట్లాడుతుంది, విన్నదల్లా గుర్తుపెట్టుకుంటుంది. అలా కొత్తవి ఎక్కించుకుంటూ పోతే పాత గొంతు చెరిగిపోతుంది. అందుకే ఏడాది తిరిగేసరికి పెట్టెను రీమౌంట్ చేయించాలి. ఆపైన హైమ మాటలు వినడమే తప్ప, కొత్తగా ఏదీ అందులోకి ఎక్కదు.

రెప్పపాటులో కావలసిన ఆ పని పొద్దుట్నుంచీ తెమలడం లేదు. మెకానిక్ బాషా పెట్టె తెర చూసి తల గోక్కున్నాడు.

"డిస్కు బాగానే ఉందండి. లోపలికి ఇంకా ఏదో రికార్డవుతోంది. అది ఆగితేగానీ ఇది అవదండి."

"నేనేం ముట్టుకోలేదు బాబూ," అంది సత్యవేణి. వెంటనే గూటివైపు వంగి, గొంతు తగ్గించింది. "భయపడకు తల్లీ, అయిపోవచ్చింది. నేనిక్కడే ఉన్నాగా."

ఆసుపత్రిలో సూది వేయించేటప్పుడల్లా కూతురితో అలాగే అనేది. ఇవాళ పొద్దుట్నుంచీ అంటూనే ఉంది.

ఆమె ప్రతి మాటకీ తెరమీద గీత కదలడం బాషా చూశాడు.

"మీ మాటలేనండి," అన్నాడు. "కాసేపు మీరు మాట్లాడకూడదండి."

సత్యవేణి పమిట చెంగు నోట్లో కుక్కుకుంది. తెరమీద గీత ఆగింది.

"అమ్మా, మాట్లాడవేం?" అంది హైమ. "వెళ్లిపోయావా?"

ఆఖరుగా ఆ ప్రశ్న ఎక్కింది. రీమౌంట్ పూర్తయింది.

"ఇక్కడే ఉన్నా తల్లీ!" అని అరిచింది సత్యవేణి. తెరమీద గీత కదల్లేదు.